రాయవేలూరు చెరసాలలో తెలుగు స్త్రీలు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



స్వాతంత్ర్య సమరమున చెరకు పోయిన స్త్రీలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని పాఠశాల వారు నన్ను కోరిరి. ఇట్టి సభలలో వాడుకగా ఝాన్సీ లక్ష్మీబాయితో ఆరంభించి సరోజినీదేవితో ముగింతురు. వారు పూజనీయులే. అయినను నేను మనకు దగ్గరి సంగతి యొకటి చెప్పదలచితిని. మన ఊరినుండి కృష్ణగిరి చేరి, అచ్చటినుండి వాణియంబాడి, ఆంబూరు మీదుగా తూర్పునకు పోయినచో రాయవేలూరు వచ్చును. పెద్ద జబ్బు చేసినప్పుడు మనలో పలువురు వైద్యమునకు పోయి వచ్చు ఊరే యది. ఆ ఊరి ఆసుపత్రిని చూచినవారు ఈ సభలో నెందరో గలరు. కోటను చూచినవారును గలరు. చెరసాలను గూర్చి తలచినవారు మాత్రము తక్కువ. మదరాసు రాజధాని ఉమ్మడిగా నున్న దినములలో, గంజాము మొదలు తిరునల్వేలి దాక, రాజకీయ నేరము మోపబడిన స్త్రీలను పెక్కుమందిని తెచ్చి యుంచినది ఆ చెరసాలలోనే. వారిలో తెలుగు స్త్రీలు అనేకులు.

నేను చెప్పదలచినది ఒక్కటే. ఆ కాలమున చెరకు పోయిన తెలుగు స్త్రీలలో పేరెన్నిక గన్నవారి జీవితములను వరుసగా చదివి చూడుడు. బడి పెట్టినవారే చెరకు పోయిరి. చెరనుండి వచ్చినవారే బడి పెట్టిరి. ఇది కాకతాళీయమని నేననుకొనను.

రాయవేలూరి కథకు పీఠిక గోదావరీ తీరమున జరిగినది. ద్రాక్షారామమున పుట్టిన దువ్వూరి సుబ్బమ్మగారికి బాల్యముననే వివాహమైనది; చిన్నతనముననే భర్తను గోల్పోయిరి. ఆ కాలమున అట్టి స్త్రీకి మిగిలినది వంటిల్లును, జపమాలయు. సుబ్బమ్మగారు ఆ రెంటితో తృప్తి పడక సంస్కృతాంధ్రములు చదువుకొనిరి. సహాయ నిరాకరణోద్యమము వచ్చినప్పుడు ఆ చదువే వారికి అక్కరకు వచ్చినది. వేదిక నెక్కి భాగవత పద్యములు చదువుచు, పద్యమునకును పద్యమునకును నడుమ దొరతనము వారి సంగతి చెప్పుచుండెడి వారట. పద్యము వినవచ్చిన జనము స్వరాజ్యము మాట విని ఇంటికి పోయెడివారు. 1922లో వారికి ఒక సంవత్సరము శిక్ష పడినది. ఆంధ్రదేశమున రాజకీయ కారణమున చెరకు పోయిన మొదటి స్త్రీ వారేయని వ్రాయుదురు. క్షమాపణ చెప్పినచో విడిచి పెట్టెదమని అధికారి యనగా, తన కాలి గోరైనను ఆ పని చేయదని బదులు చెప్పిరని నేటికిని చెప్పుకొందురు. విడుదలయై వచ్చి రాజమహేంద్రవరమున వారు చేసిన పని స్త్రీలకొక విద్యాలయమును స్థాపించుట. సనాతన స్త్రీ విద్యాలయమని దానికి పేరు. పేరు విని నవ్వవలదు. గడప దాటనీయని ఇండ్ల వారు తమ ఆడపిల్లలను బడికి పంపవలెనన్నచో ఆనాడు బడికి అట్టి పేరే యుండవలెను. సుబ్బమ్మగారు లోకము తెలిసిన మనిషి.

తరువాత 1930లో ఉప్పు సత్యాగ్రహము. దండికి నడచుటకు గాంధీ మహాత్ములు సబర్మతి నుండి వెంటగొని బయలుదేరిన 78 మందిలో ఒక్క స్త్రీయు లేదు. స్త్రీలకు వేరు పనులున్నవని ఆయన తలచిరి. స్త్రీలు ఆ మాట వినలేదు. దక్షిణమున తిరుచిరాపల్లి నుండి వేదారణ్యమునకు నడచిన దళమునకు నాయకులు రాజాజీ. వారు మన హోసూరు చెంతనున్న తొరపల్లిలో 1878లో పుట్టినవారని మీకు నేను చెప్ప నక్కరలేదు. ఆ వేదారణ్యమున పాల్గొని చెరకు పోయిన రుక్మిణీ లక్ష్మీపతిగారు ఉప్పు సత్యాగ్రహమున శిక్ష పొందిన మొదటి స్త్రీయని ప్రసిద్ధి. ఆమె భర్త ఆయుర్వేద విద్వాంసులైన ఆచంట లక్ష్మీపతిగారు. మదరాసులో కాపురముండిన కుటుంబము. తమిళ తీరమున తమిళ సోదరులతో కలిసి ఉప్పు తీసి, ఆమె రాయవేలూరు చెరలో దినములు గడపిరి. 1937లో మదరాసు శాసనసభకు ఉపసభాపతి యైరి. 1946లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గమున ఆరోగ్యశాఖను వహించి ఆ రాజధానికి మొదటి మహిళా మంత్రి యైరి. తమిళ దేశమున నున్న తెలుగువారు ఈ నేలకు పరాయివారు కారని ఎవరికైన చెప్పవలసి వచ్చినచో నేను మొదట వీరి పేరు చెప్పుదును.

గుంటూరు సంగతి చూడుడు. ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు భర్త లక్ష్మీనారాయణ పంతులుగారితో కలిసి 1922లో శారదానికేతనమును స్థాపించిరి. వితంతువులకు, దిక్కులేని బాలికలకు చదువును చేతిపనులును నేర్పి, వారిని తమ కాళ్లపై నిలువబెట్టుట దాని యుద్దేశము. పంతులుగారు ‘మాలపల్లి’ నవలను వ్రాసినది రాయవేలూరు చెరలో నుండగనే. ఎనిమిదేండ్లు గడచిన పిమ్మట ఉప్పు సత్యాగ్రహమున లక్ష్మీబాయమ్మగారికిని చెర తప్పలేదు. విశేషమేమన, ఆ శారదానికేతనమున చదువుకొన్న బాలిక యొకతె, హైదరాబాదు చెంత ఘటకేసరమున పుట్టిన సంగం లక్ష్మీబాయి, ఆ ఉద్యమముననే చెరకు పోయినది. బడి తల్లియు పోయినది, బడి పిల్లయు పోయినది. ఈమె తరువాత కాలమున మూడు పర్యాయములు లోకసభకు ఎన్నికై, తన జైలు అనుభవములను పుస్తకముగా వ్రాసిరి.

నెల్లూరు జిల్లా పొట్లపూడి వారైన పొణకా కనకమ్మగారును ఇట్టివారే. సంపన్నుల ఇంటి కోడలు. చిన్ననాడు బడికి పోయి చదువుకొను భాగ్యము లేక, ఇంటనే స్వయముగా నేర్చుకొన్నవారు. తనకు దొరకని బడిని ఊరి బాలికలకు కల్పింపవలెనని 1923లో కస్తూరీదేవీ విద్యాలయమును పెట్టిరి. ఉప్పు సత్యాగ్రహ దినములలో వారును చెరకు పోయిరి. వారి స్వీయచరిత్ర ‘కనకపుష్యరాగము’ వారు 1963లో గతించిన చాల కాలమునకు గాని అచ్చు కాలేదు. పురుషుల చెర కథలు వెంటనే అచ్చగును. స్త్రీల కథలు పెట్టెలలో నుండును. ఇది యెందుకో తండ్రులు ఆలోచింతురు గాక.

ఈ స్త్రీలు చేసిన నేరములేమని పిల్లలడుగుదురు. సముద్రపు నీరు కాచి ఉప్పు తీయుట. కల్లంగడి ముందు, పరదేశ వస్త్రములమ్ము దుకాణము ముందు నిలిచి, కొనవద్దని చేతులు జోడించుట. నిషేధించిన సభలో మాటలాడుట. నిషేధించిన కాగితమును చీర చెంగున దాచి మరియొక ఇంటికి చేర్చుట. అంతియే.

చెరసాలలో ఎ, బి, సి అని మూడు తరగతులుండెడివి. ఒకే దినమున ఒకే పని చేసి శిక్ష పడిన ఇద్దరు స్త్రీలను ఇంటి అంతస్తును బట్టియు, చదువును బట్టియు వేరువేరు తరగతులలో నుంచెడివారు. పై తరగతి వారికి మంచము, పుస్తకము, మేలైన తిండి. సి తరగతి వారికి సామాన్య ఖైదీల బ్రదుకు. తమిళులు చెరకు పోవుటను ‘కళి తినుట’ అందురు. కళియన మన రాగి సంగటియే. మనకు నిత్యభోజనమైనది వారికి శిక్షయైనది కదా యని మీరు నవ్వవచ్చును. ఇంటిలో తల్లి చేతి సంగటి వేరు. ఇనుప తట్టలో విసరివేసిన సంగటి వేరు. ఒకే గోడల నడుమ తెలుగు, తమిళము, మలయాళము, కన్నడము మాటలాడు స్త్రీలుండిరి. ఒకరి మాట ఒకరికి తెలియనప్పుడు నడుమ ఒకరు చెప్పవలసి వచ్చెడిది. మన బేరిగై సంతలో అనుదినము జరుగు పనియే.

ఇక దుర్గాబాయి గారి సంగతి. వీరిని గూర్చి కొంత విపులముగా చెప్పెదను. ఏలయన ఈ కథయంతకును నడిమి స్తంభము వారే.

దుర్గాబాయి గారు గోదావరి జిల్లాలో 1909లో పుట్టిరి. ఎనిమిదవ ఏట వివాహము చేసిరి. పెద్దదియై ఆ వివాహమును తాను ఒప్పుకొనలేనని చెప్పి, ఆ వరుని వేరొక పెండ్లి చేసుకొమ్మని ఆమెయే చెప్పినది. బాల్యముననే హిందీ నేర్చి, తోటి బాలికలకు నేర్పుటకు చిన్న పాఠశాలను నడపినది. 1923లో కాకినాడ కాంగ్రెసు జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున సేవికగా నిలిచి, టిక్కెట్టు లేనిదే జవహర్‌లాల్ నెహ్రూగారిని లోనికి పోనీయలేదన్న కథ మీరందరును వినియే యుందురు. కథ మంచిదే, దానినే పదేపదే చెప్పి అసలు దుర్గాబాయిని మరచుచున్నామని నా బాధ.

1930 మొదలు 1933 వరకు ఆమె మూడు పర్యాయములు చెరకు పోయినది. రాయవేలూరు చెర యొకటి, మదుర చెర యొకటి. మదురలో ఆమెను ఒంటి కొట్టులో నుంచిరి. పగలు రాత్రి మనిషి తోడు లేదు. చెంత గదులలో ఉరిశిక్ష పడిన ఖైదీలు. ఇరువది యేండ్లు దాటి కొంచెమే గడచిన యువతి. ఆ ఒంటరితనము ఆమె ఆరోగ్యమును కృంగదీసినది. వెలుపలికి వచ్చునప్పటికి దేహము చాల నీరసించినది.

చెరలో ఆమె మనస్సును మార్చినది మాత్రము తన కష్టము కాదు. అచ్చట రాజకీయ ఖైదీలు గాని స్త్రీలును ఉండిరి. హత్య, దొంగతనము మొదలగు నేరములకు శిక్ష పడినవారు. వారిని పలుకరించి, వారి కథలు వినగా ఆమెకొకటి తెలిసినది. వారిలో పలువురికి తమపై మోపిన నేరమేమో సరిగా తెలియదు. న్యాయస్థానమున ఏ భాషలో ఏమి చదివిరో తెలియదు. కాగితముపై ఏమున్నదో తెలియక వ్రేలిముద్ర వేసినవారు గలరు. ఇంటివారి తప్పును నెత్తిన వేసుకొన్న వారును గలరు. తమ పక్షమున నాలుగు మాటలు చెప్పుటకు ఎవరును లేక, తామే చెప్పుకొనుటకు చదువు లేక, ఏండ్ల తరబడి ఆ గోడల నడుమ నుండిరి. దేశమునకు స్వరాజ్యము వచ్చినను వీరి తలుపు తెరచుకొనదని దుర్గాబాయి గారికి స్పష్టమైనది. న్యాయశాస్త్రము చదువవలెననెడి కోరిక అచ్చట పుట్టినది.

కోరిక పుట్టుట సులభము. ఆమెకు అప్పటికి మెట్రిక్యులేషను లేదు. ఇంగ్లీషు అంతంత మాత్రము. 1933 పిమ్మట ఉద్యమపు ముందు వరుసనుండి తొలగి, తనకంటె చిన్నవారు చదువు తరగతి పుస్తకములను ముందు వేసుకొని కూర్చుండినది. చెరకు పోయి వచ్చిన వీరనారి యని జనులు దండలు వేయుచున్న దినములలో, దండలను ప్రక్కన బెట్టి వ్యాకరణము వల్లించుట సామాన్యమైన ధైర్యము కాదు. కాశీ విశ్వవిద్యాలయము వారి మెట్రిక్యులేషనుకు కూర్చున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతి శాస్త్రము చదువగోరగా, స్త్రీలకు వసతిగృహము లేదనెడి అడ్డంకి వచ్చినది. అంతట తనవలె చదువగోరు బాలికలను కూడగట్టి తామే వసతి ఏర్పరచుకొనిరి. 1942లో మదరాసులో న్యాయశాస్త్ర పట్టము పొంది న్యాయవాది యైనది. చెర ద్వారము నుండి న్యాయస్థానపు ద్వారమునకు చేరుటకు తొమ్మిదేండ్లు పట్టినది.

ఈ నడుమనే, 1937లో, మదరాసు నగరమున ఆంధ్ర మహిళా సభ వెలసినది. అది యెట్లు పుట్టినదో గమనింపుడు. మదరాసులో కాపురమున్న తెలుగు బాలికలను చేరదీసి, తాను వ్రాసిన ఆ కాశీ మెట్రిక్యులేషను పరీక్షకే వారిని సిద్ధపరచుటతో ఆ సభ పని మొదలైనది. తమిళ నగరమున, తెలుగు స్త్రీలకు, చెరనుండి వచ్చిన తెలుగు స్త్రీ పెట్టిన చదువుల చావడి. మనము నడుపుకొనుచున్న ఈ పాఠశాలకు అది అక్కవంటిది. తరువాత అది ఆసుపత్రులతో, కళాశాలలతో మదరాసులోను హైదరాబాదులోను మహావృక్షమైనది.

1946లో ఆమె రాజ్యాంగ సభకు సభ్యురాలైనది. ఆ సభలో స్త్రీలు పదునైదుగురు మాత్రమే. భాషలో గాని మతములో గాని అల్పసంఖ్యాకులైన వారు తమకు నచ్చిన విద్యాలయములను స్థాపించి నడుపుకొను హక్కును 30వ అధికరణముగా వ్రాసినది ఆ సభయే. మన పాఠశాల నిలిచియున్నది ఆ అధికరణము మీదనే. 2006లో తమిళ విద్యాభ్యాస చట్టము వచ్చిన పిమ్మట, మన పిల్లలు పదవ తరగతి పరీక్షలో తమ మాతృభాషను వ్రాయుటకై అల్పసంఖ్యాక భాషల వారు న్యాయస్థానపు మెట్లెక్కవలసి వచ్చినప్పుడెల్ల న్యాయవాదులు ఎత్తిచూపు హక్కులలో అది ముఖ్యము. తమిళము మన పిల్లలు బాగుగ నేర్వవలెను. అందులో నాకు సందేహము లేదు. ఈ నేల భాష రానివాడు ఈ నేలపై మూగవాడే. రెండవ భాష నేర్చుటకు మొదటి భాషను విడువ నక్కరలేదని మాత్రమే నా మాట. దుర్గాబాయి గారు తెలుగు విడువలేదు, హిందీ నేర్చిరి, ఇంగ్లీషున వాదించిరి, తమిళ నగరమున సంస్థ నడపిరి.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు. ఆ యేడే చింతామణి దేశముఖు గారితో వివాహము. 1958లో స్త్రీవిద్యను గూర్చిన జాతీయ సంఘమునకు అధ్యక్షత. 1981లో గతించిరి. ఇవి పాఠ్యపుస్తకములలో నున్నవే గనుక విస్తరింపను.

ఇప్పుడు యుద్ధకాలమునకు వత్తము. 1939లో ఐరోపాలో యుద్ధమారంభమైనది. మనలను అడుగకయే మన దేశమును అందులోనికి దింపిరి. 1942లో క్విట్ ఇండియా. ఈసారి చెరకు పోయిన తెలుగు స్త్రీలలో గోరాగారి సతీమణి సరస్వతి గారొకరు. ఆమె రెండున్నర యేండ్ల కుమారుని చంకన బెట్టుకొని చెరకు పోయినది. ఆ బిడ్డ చేసిన నేరమేమి? తల్లిని విడిచి యుండలేకపోవుటయే. ఇట్లు తల్లితో కూడ చెరలో పెరిగిన బిడ్డల పేర్లు ఏ పట్టికలోను కనబడవు.

అదే సంవత్సరములలో ఐరోపాలో స్త్రీల గతి యేమి? పై తరగతుల పిల్లలు చరిత్ర పాఠములో ఆ యుద్ధమును చదువుదురు గనుక, ఒక చిన్న దేశపు సంగతి చెప్పెదను. 1940 మే నెలలో జర్మను సేనలు నెదర్లాండ్సును, మనము హాలెండు అనెడి దేశమును, ఐదు దినములలో లోగొనెను. ఐదేండ్లు ఆ దేశము పరుల చేత నుండినది. యూదులను వెదకి పట్టి పంపివేయుచుండగా, వారిని ఇండ్లలో దాచినవారు, రహస్య పత్రికలను సైకిళ్లపై మోసినవారు, దొంగచాటుగా ఆహారపు చీట్లు చేర్చినవారు చాలమంది స్త్రీలే. సైకిలుపై పోవు ఆడుదానిని సిపాయి తొందరగా అనుమానింపడు. మన స్త్రీలు చీర చెంగున దాచినదానిని వారు సైకిలు సంచిలో దాచిరి.

హార్లెం పట్టణమున గడియారములు బాగుచేయు టెన్ బూం కుటుంబము పడకగదిలో దొంగగోడ కట్టి యూదులను దాచెను. 1944 ఫిబ్రవరిలో పట్టుబడిరి. 84 ఏండ్ల తండ్రి పదిదినములలో చెరలోనే గతించెను. కోరీ, బెట్సీ అను అక్కచెల్లెండ్రను చెరనుండి చెరకు త్రిప్పి, తుదకు స్త్రీలకై కట్టిన రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరమునకు చేర్చిరి. అచ్చట రాత్రివేళ కోరీ, బెట్సీలు దాచి తెచ్చిన తమ మతగ్రంథమును చదువగా, ఆ మాటలు డచ్చినుండి జర్మనుకు, అచ్చటినుండి ఫ్రెంచికి, పోలిషుకు, రష్యనుకు నోటినుండి నోటికి మారుచు గది చివరదాక పోయెడివని కోరీ తన పుస్తకమున వ్రాసిరి. బెట్సీ 1944 డిసెంబరులో ఆ శిబిరముననే మరణించెను. చెల్లెలు ప్రాణములతో బయటపడెను.

ఆ పట్టణపు పిల్లయే హన్నీ స్కాఫ్ట్. న్యాయశాస్త్ర విద్యార్థిని. 1943లో విద్యార్థులందరును పాలకులకు విధేయులమని సంతకము చేయవలెనని ఆజ్ఞ వచ్చినది. చేయనిచో చదువు పోవును. ఆమె చేయలేదు. యూదు స్నేహితురాండ్రను తన ఇంట దాచినది. పిమ్మట ఆయుధము పట్టిన దళమున చేరినది. 1945 మార్చిలో పట్టుబడగా, ఏప్రిల్ 17న ఇసుక దిబ్బలలో కాల్చివేసిరి. అప్పటికామెకు ఇరువది నాలుగేండ్లు. దేశము విడుదలగుటకు మూడు వారములు లేవు. అట్లు చంపబడినవారిని తరువాత బ్లూమెందాలులో గౌరవముతో సమాధి చేసిరి. 372 మందిలో స్త్రీ ఈమె యొకతెయే. ఆయుధము పట్టుట మన గాంధీ మార్గము కాదు. అయినను ఆ సంతకము చేయని చేతిని నేను గౌరవింతును.

ఐరోపా చెరలలో మన దేశపు రక్తమును కలదు. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన తరువాత టిప్పు సుల్తాను కుటుంబమును ఉంచినది రాయవేలూరు కోటలోనే. 1806లో అచ్చట సిపాయిలు తిరుగబడిన పిమ్మట వారిని కలకత్తాకు పంపిరి. ఆ టిప్పు వంశపు సంతతియని చెప్పబడు నూర్ ఇనాయత్ ఖాన్, జర్మనుల చేత చిక్కిన ఫ్రాన్సులో రహస్యముగా నిస్తంత్రి వార్తలు పంపుచు 1943లో పట్టుబడి, సంకెళ్లతో నెలల తరబడి ఒంటికొట్టున నుండి, 1944 సెప్టెంబరులో దకౌ శిబిరమున చంపబడెను. మన హోసూరు, కృష్ణగిరి కొండలు ఒకప్పుడు టిప్పు ఏలిన నేల గనుక ఈ మాట చెప్పితిని.

ఈ చెరలన్నియు ఒకటేయని నేననను. రాయవేలూరు రావెన్స్‌బ్రూక్ కాదు. రాయవేలూరికి పోయిన మన స్త్రీలు శిక్షాకాలము ముగియగనే ఇంటికి వచ్చిరి. వచ్చి పని చేయగలిగిరి. రావెన్స్‌బ్రూకునకు పోయిన వేలకొలది స్త్రీలు రాలేదు. హన్నీ స్కాఫ్ట్ చదువు మధ్యలో నిలిచి మరి సాగలేదు. దుర్గాబాయి గారి చదువు చెర తరువాతనే మొదలైనది. ఒక అవకాశము మిగిలినదానికిని మిగులనిదానికిని గల భేదమది.

అమ్మలారా, అయ్యలారా, ఇది యెంతయు మీ ముందెందుకు చెప్పితినో ఊహించియే యుందురు. మన పల్లెలలో బాలికలు ఎనిమిదవ తరగతి వరకు బాగుగ చదువుదురు. పిమ్మట ఒకతె హోసూరు కార్ఖానాకు, ఒకతె పూలతోటల పనికి, ఒకతె పెండ్లికి. ఇంటి ఇబ్బంది నాకు తెలియనిది కాదు. చదువు మాన్పించిన తండ్రి దుర్మార్గుడని నేననను. మరి ఆ బిడ్డ రేపు పొలము కాగితముపైనో, బాకీ కాగితముపైనో, ఆసుపత్రి కాగితముపైనో సంతకము పెట్టవలసి వచ్చినప్పుడు అందులో ఏమున్నదో చదువగలదా యని అడిగికొనుడు. రాయవేలూరు చెరలో వ్రేలిముద్ర వేసిన ఆ పేరులేని స్త్రీలు అడిగినది అంతకంటె ఎక్కువ కాదు. వారి పేర్లు నాకు తెలిసిన ఏ పుస్తకమునను లేవు. వారిని చూచియే దుర్గాబాయి న్యాయవాది యైనది గనుక వారును ఈ కథలోనివారే.

ఒక చిన్న మనవి చేసి విరమించెదను. పొణకా కనకమ్మగారి ‘కనకపుష్యరాగము’ను, సంగం లక్ష్మీబాయి గారి జైలు జ్ఞాపకముల పుస్తకమును మన పాఠశాల గ్రంథాలయమునకు తెప్పించుడని ఉపాధ్యాయులను కోరితిని, వారంగీకరించిరి. పుస్తకములు వచ్చినప్పుడు తల్లులకు కూడ ఇవ్వవలెనని చెప్పితిని. తెలుగు చదువరాని తల్లికి ఏడవ తరగతి కూతురు రాత్రివేళ దీపము కడ కూర్చుండి నాలుగేసి పుటలు చదివి వినిపింపవచ్చును. పుస్తకము ఒక్కొక్క ఇంట పదునైదు దినములుంచుకొనవచ్చునని ఉపాధ్యాయులు చెప్పిరి.